బాల్సమిక్ వెనిగర్: ఏది పొయ్యి మీదికి, ఏది పళ్లెంలోకి?

చింతపండు పులుసులో బెల్లం ముక్క వేసి మరిగించే ఇంట్లో పెరిగిన నాలుకకు బాల్సమిక్ వెనిగర్ పరాయిది కాదు. ముందు పులుపు తగులుతుంది, వెంటనే తీపి అందుకుంటుంది, చివర్లో పాకం వాసన, కాస్త చెక్క వాసన మిగులుతాయి. ఈ పోలిక ఊరికే వచ్చింది కాదు. చింతపండుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోనూ ప్రధానమైన పులుపు. ఈ వెనిగర్ పుట్టేది ద్రాక్షరసం నుంచే.

అయినా మన వంటిళ్లలో ఈ నల్ల సీసా కొన్న ఆరు నెలలకు కూడా ముప్పాతిక నిండుగానే ఉండిపోతుంది. ఎందుకంటే, ఒకే పేరు మీద రెండు వేర్వేరు వస్తువులు అమ్ముడవుతున్నాయి. ఒకటి వంటకు, ఇంకొకటి వడ్డనకు. వంటకు పనికొచ్చేదాన్ని పచ్చిగా నోట్లో వేసుకుని, ఘాటెక్కి, సీసాను వెనక వరసలోకి నెట్టేసేవాళ్లు కొందరు. వడ్డన కోసం ఏళ్ల తరబడి మాగబెట్టినదాన్ని మూకుట్లో పోసి మరిగించేసేవాళ్లు కొందరు. ఈ తేడా ఒక్కటి తెలిస్తే మిగతా పని తేలిక. అందుకే వంట మొదలుపెట్టే ముందు కాసేపు ఇటలీ వెళ్లి రావాలి.

అటక మీద పీపాలు

ఉత్తర ఇటలీలో ఎమీలియా రొమాన్యా ప్రాంతం. అందులో పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లు, మోదెనా, రెజ్జో ఎమీలియా. అసలైన సంప్రదాయ బాల్సమిక్ ఈ రెండు జిల్లాల్లోనే తయారవుతుంది. అక్కడి త్రెబ్బియానో, లాంబ్రూస్కో వంటి ద్రాక్షలను పిండి, ఆ రసాన్ని మూత లేని పాత్రల్లో సన్నని సెగ మీద గంటల కొద్దీ కాస్తారు. రసం బాగా ఇగిరి, చిక్కబడి, గోధుమ రంగుకు తిరుగుతుంది. మన దగ్గర చెరుకు రసం కాచి బెల్లం తీసేవాళ్లు చూస్తే, సగం దారి దాకా ఇది మన పనే అంటారు.

అక్కడినుంచి దారి వేరు. కాచిన రసంలో ముందు ఈస్టు చక్కెరలో కొంత భాగాన్ని ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఆ ఆల్కహాల్‌ను ఇంకో రకం బాక్టీరియా ఆసిటిక్ ఆమ్లంగా, అంటే వెనిగర్‌గా మారుస్తుంది. ఆ తర్వాత దాన్ని చెక్క పీపాల్లోకి ఎక్కిస్తారు. పెద్దదాని పక్కన చిన్నది, దాని పక్కన ఇంకా చిన్నది, ఇలా సాధారణంగా అయిదు లేదా అంతకన్నా ఎక్కువ పీపాలు వరసగా ఉంటాయి. ఈ వరసను బత్తెరియా అంటారు. ఒక్కో పీపాది ఒక్కో చెక్క: ఓక్, చెస్ట్‌నట్, చెర్రీ, మల్బరీ, యాష్, జూనిపర్. ఒక్కో చెక్క తన వాసనను కొంత ఇస్తుంది.

వీటిని పెట్టేది నేలమాళిగలో కాదు, ఇంటి పైకప్పు కింద అటక మీద. ఎండాకాలం అక్కడ ఉడికిపోతుంది, నీరు ఆవిరవుతుంది, రసం చిక్కబడుతుంది. చలికాలం గడ్డకట్టే చలికి లోపలి పని నెమ్మదించి, మడ్డి కిందికి దిగుతుంది. పీపా మీది రంధ్రానికి బిరడా బిగించరు, గుడ్డ కప్పి వదిలేస్తారు, గాలి ఆడాలి కాబట్టి. ఏడాదికోసారి అన్నిటికన్నా చిన్న పీపాలోంచి కొంచెం తీస్తారు. ఆ వెలితిని దాని ముందున్న పీపా నుంచి, దాని వెలితిని దాని ముందుదాని నుంచి నింపుకుంటూ వస్తారు. కొత్తగా కాచిన రసం చేరేది అన్నిటికన్నా పెద్ద పీపాలోకి. అంటే చిన్న పీపాలోని ప్రతి చుక్కలోనూ ఎన్నో ఏళ్ల రసాలు కలిసి ఉంటాయి. ఆడపిల్ల పుడితే ఆమె పేరున ఒక వరస పీపాలు మొదలుపెట్టి, పెళ్లినాడు సారెగా పంపే ఆచారం అక్కడి కుటుంబాల్లో ఉండేది.

చరిత్ర పాతదే. 1046లో పట్టాభిషేకానికి రోమ్ వెళ్తున్న జర్మనీ రాజు మూడవ హెన్రీ, కనోస్సా కోటలో తయారయ్యే మేలైన వెనిగర్ గురించి విని దాన్ని అడిగాడని దొనిజోనె అనే సన్యాసి రాసిపెట్టాడు. ఆ రాతలో బాల్సమిక్ అన్న పేరు లేదు. మోదెనాను పాలించిన ఎస్తె ప్రభువుల కొట్ల లెక్కల్లో ఆ మాట 1747లో కనబడుతుంది. బాల్సం అంటే పరిమళమున్న ఔషధపు బంక. పూర్వం దీన్ని మందుగా కూడా పుచ్చుకునేవారు, ఆ పేరు అలా నిలిచింది.

కొనేటప్పుడు సీసాను చదవండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యమైన మెట్టు. తొందరపడకండి.

'త్రాదిజ్యోనాలే' అన్న మాట, డి.ఓ.పి. ముద్ర ఉంటే అది అటక మీది సరుకు. ఐరోపా సంఘం దీనికి 2000లో గుర్తింపు ఇచ్చింది. ఇందులో కాచిన ద్రాక్షరసం తప్ప వేరే ఏమీ ఉండదు. కనీసం 12 ఏళ్లు మాగాలి. 'ఎక్స్‌ట్రావెక్కియో' అని రాసి ఉంటే కనీసం 25 ఏళ్లు. రుచి నిపుణుల బృందం ఎవరి సరుకో తెలియకుండా రుచి చూసి ఒప్పుకుంటేనే సీసాలోకి వెళ్తుంది. ఆ సీసా కూడా సాధారణంగా 100 మిల్లీలీటర్లదే. మోదెనా వాళ్లది కింద దీర్ఘచతురస్రపు దిమ్మె, పైన గుండ్రని బుడ్డి. కార్లకు రూపమిచ్చిన జొర్జెత్తో జుజారో గీసిన నమూనా అది. రెజ్జో ఎమీలియా వాళ్ల సీసా తిరగేసిన తులిప్ పువ్వులా ఉంటుంది, దాని మీద బంగారు రంగు చీటీ ఉంటే 25 ఏళ్లది. ధర పదుల యూరోల్లో మొదలవుతుంది, పాతదైతే వంద దాటుతుంది.

'ఆచేతో బల్సామికో ది మోదెనా', ఐ.జి.పి. ముద్ర ఉంటే అది రెండోది, వంటింటి సరుకు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ సూపర్ మార్కెట్లలో మనకు ఎక్కువగా దొరికేది ఇదే. 2009లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇది ద్రాక్షరసం, వైన్ వెనిగర్ కలిపినది. నియమం ప్రకారం రసం కనీసం 20 శాతం, వైన్ వెనిగర్ కనీసం 10 శాతం ఉండాలి. రంగు కోసం కారమెల్ 2 శాతం దాకా కలపొచ్చు. చెక్క పాత్రల్లో కనీసం 60 రోజులు ఉండాలి. 'ఇన్వెక్కియాతో' అన్న మాట ఉంటే మూడేళ్లు మాగిందని అర్థం.

వైన్ వెనిగర్ 10 శాతమే ఉంటే రసం 90 శాతం దాకా వెళ్లొచ్చు. ఆ 20 శాతానికీ 90 శాతానికీ మధ్య ఎంతో తేడా ఉంది కదా! అది తెలుసుకోవడానికి సీసా వెనక్కి తిప్పండి. దినుసుల జాబితాలో ఎక్కువ ఉన్నదాని పేరే ముందు వస్తుంది. ద్రాక్షరసం ముందుంటే చిక్కగా, తియ్యగా ఉంటుంది. వైన్ వెనిగర్ ముందుంటే పల్చగా, ఘాటుగా ఉంటుంది. రెండూ తప్పు కాదు, పనులే వేరు. ఒకే ఒక్క సీసా కొనేవాళ్లు ద్రాక్షరసం ముందున్నదే కొనండి.

ఇక ముద్ర లేకుండా ఉత్త 'బల్సామికో' అని ఉన్న సీసాలు. ఆ మాట ఒక్కదానికే విడిగా రక్షణ లేదని ఐరోపా న్యాయస్థానం 2019 డిసెంబరులో తీర్పు చెప్పింది. కాబట్టి ఆ మాటను బట్టి లోపల ఏముందో చెప్పలేం. 'గ్లేజ్' అని పిండే గొట్టంలో వచ్చేదాన్ని పాతబడి చిక్కబడినదని అనుకోవద్దు. దాన్ని చిక్కబరిచేది చాలాసార్లు పిండిపదార్థమో, గ్లూకోజ్ పాకమో అయి ఉంటుంది. సంవత్సరం అన్న మాట లేకుండా పెద్ద అంకె ఒకటి వేసి ఉన్న సీసాలూ వస్తాయి. ఆ అంకెను వయసుగా లెక్క వేయకండి.

చెంచాతో పరిచయం

సీసా ఇంటికి తెచ్చారు. ఏ వంటలోనూ వేయకముందు పింగాణీ చెంచాలోనో ప్లాస్టిక్ చెంచాలోనో నాలుగు చుక్కలు పోసి నాలుక మీద పెట్టుకోండి. ముక్కుకు ఘాటెక్కి దగ్గు వచ్చిందా? అయితే అది నూనెతో కలవాలి, లేదా పొయ్యి ఎక్కాలి. పులుపూ తీపీ ఒకదాన్నొకటి పట్టుకుని మెల్లగా దిగాయా? అది పచ్చిగా వాడుకునేది. ఈ ఒక్క చెంచా మీకు రాబోయే ఏడాది వంటంతా చెబుతుంది.

సలాడ్‌తో మొదలుపెట్టండి

లెట్యూస్ గానీ, కీర, టమాట, ఉల్లి చక్రాలు గానీ ఏవైనా సరే. ఆకులు కడిగాక పొడి గుడ్డలో చుట్టి తడి పూర్తిగా తీసేయాలి. తడి ఉన్న ఆకుకు నూనె అంటదు, అంతా గిన్నె అడుక్కి జారిపోతుంది. చాలామంది సలాడ్ నీళ్లోడడానికి కారణం ఇదే.

చిన్న గిన్నెలో ఒక పెద్ద చెంచా వెనిగర్, పావు చిన్న చెంచా ఉప్పు వేసి ఉప్పు కరిగేదాకా తిప్పండి. ఉప్పు వెనిగర్‌లో కరుగుతుంది, నూనెలో కరగదు. అందుకే ఈ వరస తప్పకూడదు. తర్వాత మూడు పెద్ద చెంచాల ఆలివ్ నూనెను సన్నని ధారగా పోస్తూ గిలకొట్టండి. కాసేపటికి రెండూ విడిపోకుండా చిక్కటి గోధుమరంగు ద్రవంలా కలుస్తాయి. ఇంకాసేపు కలిసి ఉండాలంటే చిటికెడు ఆవ ముద్ద వేయండి, ఆవాలకు నూనెనూ నీటినీ కలిపి పట్టే గుణం ఉంది. మిరియాల పొడి చివర్లో. తినబోయే ముందే ఆకుల మీద పోసి చేత్తో కలపండి, ముందుగా కలిపితే ఆకులు వాడిపోతాయి.

ఒకటికి మూడు అన్నది మొదటి రోజు కొలత. మీ సీసా తియ్యగా ఉంటే ఒకటికి రెండు నూనె చాలు.

పాకం పట్టడం

దుకాణంలో గ్లేజ్ కొనే అవసరం లేదు. మామూలు ఐ.జి.పి. సీసాతో ఇంట్లోనే అంతకన్నా మేలైనది వస్తుంది.

పాత్ర విషయంలో మన పెద్దవాళ్ల జ్ఞానం ఇక్కడ అక్షరాలా పనికొస్తుంది. పులుసు రాచ్చిప్పలో కాచేవారు గానీ కళాయి లేని ఇత్తడి గిన్నెలో కాచేవారు కాదు. పులుపు లోహాన్ని తింటుంది. బాల్సమిక్‌కూ అదే నియమం. అల్యూమినియం, ఇత్తడి, రాగి, ఇనప మూకుడు వద్దు. మందపాటి అడుగున్న స్టీలు గిన్నె తీసుకోండి.

ఒక కప్పు, అంటే 250 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి మధ్యస్థంగా సెగ పెట్టండి. పొంగు రాగానే సెగ తగ్గించేయండి. అంచుల్లో చిన్న బుడగలు లేస్తూ ఉంటే చాలు. కిటికీ తెరవండి, గిన్నె మీదికి వంగి వాసన చూడకండి. ఆ ఆవిరిలో ఆసిటిక్ ఆమ్లం ఉంటుంది, కళ్లు మండుతాయి. చింతపులుసు ఎంత మరిగినా పులుపు తగ్గదు, టార్టారిక్ ఆమ్లం ఆవిరి కాదు కాబట్టి. వెనిగర్‌లోని ఆసిటిక్ ఆమ్లం మాత్రం కొంత గాల్లో కలిసిపోతుంది, చక్కెర అంతా గిన్నెలోనే ఉండిపోతుంది. ఘాటైన వెనిగర్ కాచిన కొద్దీ తియ్యబడటానికి కారణం ఇదే.

పన్నెండు నుంచి పదిహేను నిమిషాల్లో సగానికి దిగుతుంది. చెంచా ముంచి తీసి, వెనక వైపు వేలితో గీత గీయండి. గీత చెరిగిపోకుండా నిలిస్తే వెంటనే దించేయండి. పాకం చూడటం తెలిసినవాళ్లకు చెప్పాలంటే, లేత పాకం దగ్గరే ఆపాలి. తీగపాకం దాకా వెళ్తే చల్లారాక చెంచాకు అతుక్కునే బంక అవుతుంది, ఇంకాస్త దాటితే చేదెక్కుతుంది. పొరపాటున గట్టిపడితే ఒక చెంచా వేడినీళ్లు కలిపి సన్నని సెగ మీద తిప్పండి, దారికొస్తుంది.

పంచదార వేయమని చాలా వంటల పుస్తకాలు చెబుతాయి. నా మాట వింటే వేయకండి. ఓపికగా ఇగరబెడితే ద్రాక్షలోని తీపే సరిపోతుంది.

పొయ్యి మీద చేసే ఈ పనులేవీ 12 ఏళ్ల త్రాదిజ్యోనాలేతో చేయకండి. పన్నెండు ఎండాకాలాలు చేసిన పనిని పొయ్యి పావుగంటలో పాడుచేస్తుంది.

చిన్న ఉల్లిపాయలు: తప్పకుండా చేసి చూడాల్సిన వంట

రెజ్జో ఎమీలియా జిల్లాలో బొరెత్తో అనే ఊరి పేరున చదునుగా, చిన్నగా ఉండే ఉల్లిపాయలున్నాయి. వాటిని బాల్సమిక్‌లో మగ్గబెట్టడం అక్కడి వాళ్ల ఇంటి వంట. మన సాంబారు ఉల్లిపాయలు దీనికి చక్కగా సరిపోతాయి.

అరకిలో చిన్న ఉల్లిపాయలను అయిదు నిమిషాలు వేడినీళ్లలో వేస్తే పొట్టు తేలిగ్గా వస్తుంది. వేరు వైపు మరీ లోతుగా కోయకండి, పాయ విడిపోతుంది. వెడల్పాటి స్టీలు పాన్‌లో రెండు పెద్ద చెంచాల నూనె గానీ వెన్న గానీ వేడిచేసి, ఉల్లిపాయలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరచండి. ఎనిమిది, పది నిమిషాలు అటూ ఇటూ తిప్పుతూ మచ్చలు మచ్చలుగా ఎర్రబడనివ్వండి. అర చెంచా ఉప్పు, నాలుగు పెద్ద చెంచాల బాల్సమిక్, అర కప్పు నీళ్లు పోసి మూత పెట్టండి. సన్నని సెగ మీద పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. పాయలోకి కత్తి మొన సులువుగా దిగాక మూత తీసి, మిగిలిన పులుసు పాయలకు పట్టుకుని మెరిసేదాకా ఇగరనివ్వండి.

వేడిగా కన్నా కాస్త చల్లారాక బాగుంటాయి, మర్నాటికి ఇంకా బాగుంటాయి. గుమ్మడికాయ దప్పళం ఇష్టపడేవాళ్లకు ఇవి మొదటి ముద్దకే నచ్చుతాయి.

ఇదే పద్ధతిని క్లుప్తంగా వేరే వాటికీ వాడొచ్చు. చికెన్ ముక్కలో పుట్టగొడుగులో వేయించి పక్కకు తీశాక, పాన్ అడుగున అంటుకున్న ఎర్రటి పొరను చూసి కడగడానికి తీసేయకండి. మూడు చెంచాల వెనిగర్, కాసిని నీళ్లు పోసి చెక్క గరిటెతో గీకండి, రుచంతా అక్కడే ఉంది. రెండు నిమిషాలు ఇగిరాక ముక్కల మీద పోయండి. ఓవెన్‌లో కూరగాయలు కాల్చేటప్పుడు మాత్రం బాల్సమిక్‌ను చివరి అయిదారు నిమిషాల్లోనే పూయండి, ముందే పూస్తే అందులోని చక్కెర మాడుతుంది.

స్ట్రాబెర్రీలు

శీతాకాలంలో మహాబలేశ్వర్ నుంచీ, మన లంబసింగి నుంచీ స్ట్రాబెర్రీలు వస్తాయి. పావుకిలో పండ్లు నిలువుగా కోసి, ఒక చిన్న చెంచా పంచదార చల్లి పావుగంట వదిలేయండి. పంచదార రసాన్ని బయటికి లాగుతుంది. అందులో రెండు చిన్న చెంచాల తియ్యటి బాల్సమిక్ కలిపి ఇంకో పది నిమిషాలు ఆగండి. పైన చిటికెడు మిరియాల పొడి. పుల్లటి పండు మీద పుల్లటి వెనిగర్ ఏమిటని సందేహించకండి. అందులోని తీపీ చెక్క వాసనా పండు వాసనను పైకి లేపుతాయి.

చుక్కల్లో వాడేది

ఎవరైనా మీకు 12 ఏళ్ల సీసా కానుకగా తెచ్చిస్తే, దాన్ని మనిషికి అర చెంచా లెక్కన వాడండి. వెనీలా ఐస్‌క్రీమ్ మీద, ఉత్త ఆమ్లెట్ మీద, పొయ్యి మీంచి దించిన రిజోత్తో అనే ఇటాలియన్ అన్నపు వంట మీద కొన్ని చుక్కలు. మోదెనాలో అన్నిటికన్నా పేరున్న జోడీ పర్మిజానో రెజ్జానో జున్ను. ఆ జున్నూ ఆ జిల్లాలదే. ముక్కలుగా విరిచి మీద చుక్క వేస్తారు. శాకాహారులు గమనించాలి: ఆ జున్ను విరగడానికి దూడ పొట్ట నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. బాల్సమిక్‌లో మాత్రం జంతు సంబంధమైనది ఏదీ లేదు. మద్యం అసలే తగలకూడదనుకునేవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. ఐ.జి.పి. రకంలో 1.5 శాతం దాకా ఆల్కహాల్ ఉండొచ్చు. మధుమేహం ఉన్నవాళ్లు ఇందులోని చక్కెరను లెక్కలో వేసుకోవాలి, ముఖ్యంగా పాకం పట్టినప్పుడు.

చారులోనో, పప్పులోనో చింతపండుకు బదులు దీన్ని పోయాలని చూడకండి. ఇంగువ, ఆవాల తిరగమోత ముందు దీని వాసన నిలవదు, దీని చెక్క వాసన చారుకు అతకదు. చింతపండు పని చింతపండుదే.

దాచుకోవడం

ఫ్రిజ్ అక్కర్లేదు. పొయ్యికీ ఎండకూ దూరంగా, మూత బిగించి, మసాలా డబ్బాల పక్కన కాకుండా పెట్టండి, పరాయి వాసన పట్టకుండా ఉంటుంది. అడుగున మడ్డి చేరితే పారబోయకండి, అది పాడైన గుర్తు కాదు. ఇంట్లో పట్టిన పాకాన్ని తడిలేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారాల తరబడి బాగుంటుంది, వాడే ముందు బయటపెడితే మళ్లీ జారుగా అవుతుంది.

ఖరీదైన చిన్న సీసా కోసం తొందరపడకండి. ఈ వారం ద్రాక్షరసం పేరు ముందున్న 250 మిల్లీలీటర్ల ఐ.జి.పి. సీసా ఒకటి తెచ్చి, అరకిలో సాంబారు ఉల్లిపాయలతో మొదలుపెట్టండి.